పోస్టింగు ముగిసే వరకు

లెంక సూరిబాబు మొదటిసారి ప్రయోగశాలకు వచ్చిన రోజున డాక్టర్ నీలవేణి గొర్రెల కొట్టంలో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నలభై నాలుగో నంబరు గొర్రె కడుపు మీద స్కానింగు పరికరం ఆనించి తెర వైపు కళ్లార్పకుండా చూస్తోంది. ఆ గొర్రె కడుపులో ఆవగింజంత పిండం ఐదు నెలలుగా పెరగకుండా నిద్రపోతోంది. దాన్ని లేపడానికి సూది వేసి తొమ్మిది రోజులైంది. లెక్కప్రకారం ఇవాళ దానిలో గుండె మొదలవ్వాలి. తెర మీద ఏదో సన్నగా అదిరి ఆగింది. కాసేపటికి మళ్లీ అదిరింది. ఆ తరువాత ఇక ఆగలేదు.

చేతులు కడుక్కుని ఆమె వరండాలోకి వచ్చేసరికి ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. తాను పలాస డిపోలో ఆర్టీసీ కండక్టరునని, పొద్దున పాసింజరు పట్టుకుని విశాఖపట్నం వచ్చానని చెప్పుకున్నాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన దినపత్రిక ముక్క తీశాడు. సైన్యంలోని ఆడవాళ్ల కోసం చేసిన చట్టం పాసైన మర్నాడు అచ్చయిన నీలవేణి ఫొటో అది.

"మేడమ్‌గారూ, ఈ మందు కనిపెట్టినోరు మీరేనని రాసినారు. మా ఇంటిది సైన్యంలో ఉంది. కడుపులో బిడ్డ పడుకునుంది. ఇయ్యాల్టికి నూట ముప్పయ్యొక్క రోజులైనాది. ఇంకెన్నాళ్లు పడుకోగల్దు?"

నీలవేణి అతన్ని లోపలికి తీసుకువెళ్లి కుర్చీ చూపించింది. నూట ఎనభై రోజుల వరకు భయం లేదని చెప్పింది. అతను వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని, కొండల మీది నుంచి ఆమెను ఎప్పుడు దించుతారో మాత్రం ఎవరూ చెప్పడం లేదన్నాడు.

కొన్ని జాతుల జింకల్లో, ఎలుగుబంట్లలో పిండం నెలల తరబడి తల్లి గర్భంలో ఆగిపోయి ఉంటుంది. మేత దొరికే కాలానికి పిల్ల పుట్టేలా తల్లి శరీరమే దాన్ని నిద్రపుచ్చి, మళ్లీ తనే లేపుతుంది. ఆ పని చేసే ప్రొటీను కోసం నీలవేణి పదకొండేళ్లు వెతికింది. కడుపుతో ఉండగా క్యాన్సరు బయటపడిన ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టిన పని అది. చికిత్స అయ్యేదాకా బిడ్డను నిద్రపుచ్చగలిగితే తల్లి, బిడ్డ ఇద్దరూ దక్కుతారని ఆమె ఆశ. మందు దొరికింది. ఐదు వారాలు దాటకముందు, అంటే గుండె మొదలుకాకముందు ఒక సూది వేస్తే పిండం నిద్రపోతుంది. ఇంకో సూది వేస్తే లేస్తుంది. కానీ ఆసుపత్రులకంటే ముందు ఆ మందు మీద సైన్యం చూపు పడింది.

నిజానికి ఆ చట్టం మంచి ఉద్దేశంతోనే వచ్చింది. సైన్యంలోని ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నవన్నీ అందులో ఉన్నాయి. మారుమూల స్థావరాల్లోనూ స్త్రీల వైద్యురాలు, పిల్లలు కలగనివారికి చికిత్స, గర్భం పోతే సెలవు. తొమ్మిదో సెక్షన్లో ఈ మందు. పార్లమెంటు సంఘం పిలిస్తే నీలవేణి ఢిల్లీ వెళ్లి సాక్ష్యం ఇచ్చింది. నూట ఎనభై రోజులని రెండుసార్లు చెప్పింది. రెండు నెలల తరువాత బిల్లు ప్రతి చేతికి వస్తే, ఆ అంకె ఉండాల్సిన చోట 'పోస్టింగు ముగిసే వరకు' అని ఉంది. ఆమె మళ్లీ ఢిల్లీ వెళ్లి రక్షణ శాఖ అధికారిని అడిగింది. ఎత్తు స్థావరాల్లో పోస్టింగు ఎలాగూ నాలుగు నెలలే, రోజుల సంగతి తరువాత నిబంధనల్లో రాస్తాం అని అతను మర్యాదగా చెప్పాడు. సాయంత్రం విమానానికి వేళవుతోంది. ఆమె తల ఊపింది.

ఆ నిబంధనలు ఇప్పటికీ రాలేదు. వచ్చిన మార్పు వేరొకటి. అంతకుముందు గర్భిణిని కొండల మీదికి పంపేవారు కాదు. ఇప్పుడు మందు ఉంది కనుక పంపకపోవడానికి కారణం లేకుండా పోయింది. మందు వేయించుకోవడం ఇష్టమైతేనే అని చట్టంలో ఉంది. సూరిబాబు భార్య, సిగ్నల్స్ విభాగంలో హవల్దారు హైమ ముందు మాత్రం పై అధికారి రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి మందుకు ఒప్పుకునే పత్రం. రెండోది తాను ఎత్తు ప్రాంతాల్లో పనికి తగనని ఆమే రాసివ్వాల్సిన పత్రం. రెండో దాని మీద సంతకం పెడితే పదకొండేళ్ల సర్వీసు అక్కడితో గిడసబారిపోతుంది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆమెకు రెండుసార్లు గర్భం పోయింది. ఇది మూడోది. నాలుగు నెలలే కదా అనుకుని మొదటి కాగితం మీద సంతకం పెట్టింది.

నాలుగు నెలలు అయ్యేసరికి సరిహద్దులో పరిస్థితి బాగోలేదని పోస్టింగులన్నీ పొడిగించారు. ఆ వెంటనే మంచుకు కనుమదారి మూసుకుపోయింది.

ఆదివారం ఆదివారం స్థావరం నుంచి హైమ మూడు నిమిషాలు ఉపగ్రహ ఫోనులో మాట్లాడవచ్చు. మూడు వారాల తరువాత సూరిబాబు మళ్లీ వచ్చాడు. ఆ ఆదివారం నీలవేణి తన గదిలో అతని పక్కన కూర్చుంది. గాలి హోరులోంచి హైమ గొంతు వినిపించింది. క్షేమసమాచారాలు అడిగే వ్యవధి లేదని ఆమెకు తెలుసు.

"మేడమ్, ఆయన దగ్గర దాచినా నా దగ్గర దాచకండి. ఎంతవరకు?"

"నూట ఎనభై వరకు ఫర్వాలేదు," అంది నీలవేణి. "ఆ పైన గొర్రెల్లో సగం లేవలేదు."

"ఇంకా పైన?"

"రెండు వందల పది దాటాక ఒక్కటి కూడా లేవలేదమ్మా."

హైమ, నాకివాళ నూట యాభై రెండు అని మాత్రం అంది. స్థావరంలో పద్నాలుగు మందిమి ఉన్నామని, రేడియో తెలిసింది తనకీ ఇంకొకరికీ మాత్రమేనని, ఆ ఇంకొకరి కాలివేళ్లు మంచుకు నల్లబడుతున్నాయని చెప్పింది. హెలికాప్టరు రావచ్చట. గాయపడినవాళ్లు, జబ్బుపడినవాళ్లు ఉంటేనే ఎక్కించుకుంటారు. తన ఆరోగ్య పత్రంలో ఏ జబ్బూ లేదు. లైను తెగిపోయింది.

నీలవేణి ఆ మధ్యాహ్నమే సైనిక వైద్య విభాగానికి ఉత్తరం రాసింది. గొర్రెల మీద వచ్చిన ఫలితాలన్నీ జత చేసింది. వారంలో రెండోది రాసింది. ఫోనులో ఎవరు దొరికినా మర్యాదగానే మాట్లాడారు. ఇంకొకరిని అడగమని నంబరు ఇచ్చారు. పదహారో రోజున జవాబు వచ్చింది. మందు వల్ల పిండానికి హాని కనిపించలేదని తమరే ప్రచురించారు, చట్టం ప్రకారం నిద్ర పోస్టింగు ముగిసే వరకు కొనసాగవచ్చు అని ఉంది అందులో. కింద ఆమె వ్యాసంలోని వాక్యాన్నే ఎత్తి రాశారు. ఆ వాక్యం మొదట్లోని 'నూట ఎనభై రోజుల లోపు' అన్న మాటల్ని వదిలేశారు.

ఇంట్లో ఆమె భర్త ప్రకాశరావు, పోర్టులో పనిచేసి రిటైరైనవాడు, కొన్నాళ్లుగా ఒకటి గమనిస్తున్నాడు. వంటగదిలోని క్యాలెండరు మీద ఆమె రోజూ పొద్దున ఒక అంకె వేస్తోంది. నూట అరవై ఎనిమిది. నూట అరవై తొమ్మిది. ఆ రోజు ఉప్మాలోకి పోపు మాడిపోతుంటే ఆయన పొయ్యి కట్టేసి ఆమె ముందు కూర్చున్నాడు.

"చట్టం నువ్వు రాయలేదు కదా నీలా."

"రాయలేదు. చదివాను."

ఆయన లేచాడు. మాడిన పోపు తీసేసి మళ్లీ మూకుడు పెట్టాడు.

నూట డెబ్బై నాలుగో రోజున సూరిబాబు సెలవు పెట్టి మూడోసారి వచ్చాడు. ఈసారి బెంచీ మీద కూర్చోలేదు. కొట్టం గుమ్మంలోనే నిలబడి, గొర్రెల్ని లేపే మందూ మనుషుల్ని లేపే మందూ ఒకటేనా అని అడిగాడు. ఒకటేనని ఆమె ఒప్పుకుంది. అయితే తనకు ఒక సీసా ఇమ్మన్నాడు. హైమ వాళ్ల దళంలో మనిషి ఒకడు సెలవు మీద టెక్కలి వచ్చాడని, వచ్చే వారం తిరిగి వెళ్లి హెలికాప్టరులో పైకి చేరతాడని, గుండెల్లో పెట్టుకుని తీసుకెళ్తానన్నాడని చెప్పాడు.

సైనిక వైద్య బోర్డు అనుమతి లేకుండా సైనికురాలికి ఆ సూది వేస్తే వేసినవాళ్లకి మూడేళ్ల జైలు. పోస్టింగులో ఉండగా గర్భం లేపుకోవడం విధిని తప్పించుకోవడం కిందికి వస్తుందని, వేయించుకున్న ఆమెకు వేరే శిక్ష ఉందని పద్నాలుగో సెక్షన్లో రాసి ఉంది. అతను అడుగుతున్నంతసేపూ నీలవేణికి ఆ సెక్షను గుర్తురాలేదు. ఫ్రిజ్ వైపు చూస్తూ నిలబడింది. మూడో అరలో ఎడమ పక్కన ఆరు సీసాలున్నాయి. ఒకటి తీసి అతని చేతిలో పెట్టడం క్షణం పని. పెట్టేదే. అడ్డొచ్చింది వేరే సంగతి.

రెండేళ్ల కిందట వాళ్లు ఆరు గొర్రెల్ని గాలి పలచగా ఉండే గదిలో పెట్టి చూశారు. అంత ఎత్తున పిండాన్ని లేపితే ఏమవుతుందో తెలుసుకోవడానికి. సూది వేసిన వారంలోపు నాలుగు గొర్రెలు రక్తం గడ్డకట్టి చచ్చిపోయాయి. కిందికి దించితేనే లేపాలి. ఆ మాట ఆమె అతనికి దాచకుండా చెప్పింది.

సూరిబాబు గుమ్మం కమ్మీ పట్టుకున్నాడు. "అంటే లేపితే మా ఇంటిది పోద్ది. లేపకపోతే బిడ్డ పోద్ది," అన్నాడు. అడిగినట్టు లేదు. టికెట్టు మీద రాసింది చదివినట్టుంది.

తరువాతి వారం నీలవేణి ఢిల్లీ వెళ్లింది. అప్పటి పార్లమెంటు సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నావిడ ఆమెను గుర్తుపట్టి, కాఫీ ఇప్పించి, అరగంట శ్రద్ధగా విన్నది. చట్టం తెచ్చింది ఇందుకు కాదని నిజంగానే బాధపడింది. తొమ్మిదో సెక్షన్లో అంకె వేయడానికి సవరణ బిల్లు పెడతానంది. శీతాకాల సమావేశాల్లో. శీతాకాలం అంటే ఇంకా ఎనిమిది నెలలుంది. ఈలోగా ఒక్క మనిషిని కిందికి దించమని చెప్పించలేరా అని నీలవేణి అడిగింది. ఆవిడ ఎవరికో ఫోను చేసింది. అవతలివాళ్లు చెప్పింది విని, ఫోను పెట్టేసి, ఒక్కరికి మినహాయింపు ఇస్తే మిగతావాళ్లకీ ఇవ్వాలంటున్నారని అంది. అప్పటికి మొత్తం రెండు వందల పన్నెండు మంది కడుపుల్లో బిడ్డలు నిద్రపోతున్నారట. వాళ్లలో ఎవరికి ఎన్ని రోజులయ్యాయో చెప్పమంటే, అది బయటికి చెప్పే సమాచారం కాదన్నారు.

నూట ఎనభై ఏడో రోజు ఆదివారమైంది. హెలికాప్టరు ఆ వారంలో రెండుసార్లు వచ్చిందని హైమ చెప్పింది. మొదటిసారి కిరోసిను, బ్యాటరీలు దింపి కాలివేళ్లు పోయిన మనిషిని ఎక్కించుకుంది. రెండోసారి ఎక్కవలసినవాళ్లెవరూ లేక ఖాళీగా పోయింది. బ్యాటరీల పెట్టెలు మోసింది తనే. తలుపు దగ్గర నిలబడి లోపల ఖాళీ సీట్లు చూశానంది. ఎక్కి కూర్చోలేకపోయావా అని సూరిబాబు అన్నాడు. తాను దిగిపోతే రేడియో దగ్గర ఇంకెవరూ లేరని, ఉత్తర్వు లేకుండా ఎక్కితే పైలటే దింపేస్తాడని ఆమె చెప్పింది. చెబుతుంటే గొంతు మామూలుగానే ఉంది. చివర్లో మాత్రం, "నిన్న కడుపు మీద చెయ్యేసుకుని పేరు పెట్టి పిలిచాను. పిలిస్తే లేస్తాదేమోనని," అంది. ఏ పేరని సూరిబాబు అడిగేలోపు మూడు నిమిషాలు అయిపోయాయి.

రెండు వందల నాలుగో రోజున దారి తెరిచారు. హైమను కొండల దిగువనున్న సైనిక ఆసుపత్రికి తెచ్చారు. మందు కనిపెట్టిన మనిషిగా సలహా ఇవ్వడానికి నీలవేణికి అనుమతి దొరికింది. ఆమె, సూరిబాబు ఒకే రైల్లో వెళ్లారు. వాళ్లు చేరేసరికి హైమ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. ముఖం మంచుకు కమిలి తోలు లేచిపోయింది. ఫోనులో అన్నిసార్లు విన్న గొంతు ఆ చిన్న మనిషిదేనా అని నీలవేణికి అనిపించింది. సూరిబాబు ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన జీడిపప్పు పొట్లం విప్పి భార్య ఒళ్లో పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

సూది ఆ రోజే వేయవచ్చు. మందు కింది అంతస్తులోనే ఉంది. కానీ పోస్టింగు ముగిసిందని బోర్డు రాయాలి. బోర్డులో ముగ్గురుండాలి. ఒకరు శిక్షణకు వెళ్లారు. శుక్రవారం సెలవు, ఆ వెంట శని, ఆదివారాలు. వార్డు చూసే మేజరు, ముప్పై ఐదేళ్ల డాక్టరమ్మ, మూడు ఆఫీసుల చుట్టూ తిరిగింది. తన పూచీ మీద వేసేస్తానని కూడా అంది. ఫార్మసీలో ఉత్తర్వు నంబరు కొట్టకపోతే ఆ అర తాళం తెరుచుకోదు. ఆ తాళం చట్టంతోపాటే వచ్చింది.

రెండు వందల తొమ్మిదో రోజు మధ్యాహ్నం సూది వేశారు.

తొమ్మిది రోజులు ఆగాలి. ఆ తొమ్మిది రోజులూ నీలవేణి ఆసుపత్రి అతిథి గృహంలో ఉండి, పొద్దున్నే వార్డుకు వచ్చి కూర్చునేది. హైమ ఆమెను నిందించలేదు. ఒకసారి గొర్రెల గురించి అడిగింది.

"లేవని వాటిని ఏం చేశారు మేడమ్?"

"తీసేశాం. ఆ తరువాత అవి మళ్లీ ఈనాయి."

"గొర్రెలకి బోర్డు అక్కర్లేదు కదా," అంది హైమ.

తొమ్మిదో రోజున స్కానింగులో పిండం కనిపించింది. ఎక్కడిది అక్కడే, ఎంతది అంతే. మేజరు గదిలో దీపం ఆర్పి తెర దగ్గరికి జరిగింది. నీలవేణి ఆమె భుజం మీదుగా చూసింది. ఆ చోట ఎలాంటి అదురు కోసం చూడాలో ఈ దేశంలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అదురు లేదు. ఇంకో ఐదు రోజులు ఆగారు. పద్నాలుగో రోజునా లేదు. ఇరవై ఒకటో రోజున మేజరు పరికరం పక్కన పెట్టి హైమ కడుపు మీది జిగురు తనే తుడిచింది.

అంతటితో అయిపోయిందనే నీలవేణి అనుకుంది. అవలేదు. మేజరు నింపాల్సిన పత్రంలో రెండే గళ్లున్నాయి. నిద్రలో ఉంది, మేలుకొంది. మేలుకోలేదు కనుక మొదటి గడిలోనే గీత పెట్టాలి. గర్భం పోయిందని రాస్తే ఆరు వారాల సెలవు వస్తుంది, శస్త్రచికిత్సకు అనుమతి వస్తుంది. కానీ పిండం గుండె ఆగినట్టు రుజువుంటేనే గర్భం పోయినట్టు అని చట్టంలో ఉంది. ఈ గుండె ఆగలేదు. అసలు మొదలే కాలేదు. అలాంటిది ఒకటుంటుందని ఎవరూ అనుకోలేదు. నీలవేణి నాలుగు పేజీల అభిప్రాయం రాసిచ్చింది. ఈ పిండం ఇక లేవదని తన పేరుతో, సంతకంతో రాసింది. బోర్డు దాన్ని పత్రానికి జత చేసింది. సవరణ వచ్చాక పరిశీలిస్తామంది.

నిద్రలో ఉన్న గర్భం పనికి అడ్డం కాదు. ఇరవై ఆరో రోజున హైమకు పోస్టింగు ఉత్తర్వు వచ్చింది. కొండల మీదికి కాదు, మైదానంలో ఉన్న సిగ్నల్స్ కేంద్రానికి. తన చేతిలో ఉన్న సాయం ఇంతేనని మేజరు వచ్చి చెప్పింది.

స్టేషనులో హైమ బండి ముందుగా వచ్చింది. ఆమె యూనిఫాంలో ఉంది. సామాను తనే ఎక్కించుకుంది. కిటికీలోంచి భర్తతో చిన్నచిన్న సంగతులు చెప్పింది. అత్తగారి కళ్ల ఆపరేషను వాయిదా వేయొద్దని, డాబా మీద కారుతున్న ట్యాంకు బాగు చేయించమని. బండి కదలబోతుండగా నీలవేణి వైపు తిరిగింది.

"ఢిల్లీలో మళ్లీ పిలిస్తే వెళ్తారు కదా మేడమ్. నాకు సెలవు అక్కర్లేదని చెప్పండి. పోయిందని కాగితం మీద ఒక ముక్క రాసిస్తే చాలు."

వెళ్తానని నీలవేణి అంది. బండి వెళ్లిపోయింది.

విశాఖపట్నం వెళ్లే బండికి ఇంకా రెండు గంటలుంది. సూరిబాబు రెండు గ్లాసుల టీ తెచ్చి ఒకటి ఆమెకిచ్చి బెంచీ మీద పక్కన కూర్చున్నాడు. టీ తాగకుండా చేతిలోనే పట్టుకుని, పట్టాల వైపు చూస్తూ మాట్లాడాడు. తగ్గు గొంతుతో, ఎవరి మీదా కోపం లేకుండా.

"మొదటి రెండూ పోయినప్పుడు మాయమ్మ దానికి తలంటి, పత్యం వొండి పెట్టినాది మేడమ్‌గారూ. పది రోజులు ఏడ్సినాం. ఆ పైన ఊరుకున్నాం. రేపు ఇంటికెల్తే అమ్మ అడుగుతాది. ఉందంటే కాసుకుంటాది. పోనాదంటే ఏడుస్తాది. ఏటని సెప్పమంటారు?"

నీలవేణి పదకొండేళ్లు ఆ నిద్ర గురించే చదివిన మనిషి. ఏ భాషలో అడిగినా జవాబు చెప్పగలిగిన మనిషి. గ్లాసు బెంచీ మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"నాకు తెలీదు బాబూ," అంది.

అతను తల ఊపాడు. టీ మీద మీగడ కట్టింది. వేలితో దాన్ని పక్కకు తీసి, చల్లారిపోయిన టీ నెమ్మదిగా తాగాడు.